పేరయ్య కత్తెర

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. రేకుల మీద వాన చప్పుడుకి వెనకున్నవాళ్లకి నా మాట వినబడదు. జోజీ, నువ్వు నా పక్కకి రా. ముందు ఆ మోకాలి మీది పక్కు గోకడం ఆపు. మానుతున్న పుండుని అలా ఎందుకురా కెలుకుతావు? చెయ్యి ఊరుకోదా? అయితే ఈ కథ నీకోసమే.

కొత్తరేవు బస్టాండు ఎదురుగా పేరయ్య అనే దర్జీ ఉండేవాడు. ఎవరు చేసిన పనైనా సరే, చివర్లో తన చెయ్యి పడితే తప్ప ఆయనకు తోచేది కాదు.

పనిమంతుడే. ఆయన కుట్టిన చొక్కాని లోపలివైపు తిప్పి చూసినా ఒక్క దారప్పోగు కనబడేది కాదు. చిన్న కత్తెర ఎప్పుడూ జేబులోనే ఉండేది. ఆ అలవాటు కొట్టుతో ఆగితే బాగుండేది. పెళ్లి బంతిలో పక్కవాడి చొక్కాకి దారం వేలాడితే, విస్తరి ముందు కూర్చునే తుంచేసేవాడు. ఒకసారి నా చొక్కా మీద కూడా అలాగే ఓ దారం కత్తిరించాడు. సాయంత్రం బడి గంట కొట్టేలోపు గుండీ ఊడి నేల మీద పడింది.

"అది గుండీ దారం పేరయ్యా!" అన్నాను.

"ఎవడు కుట్టాడండీ దాన్ని? నేను కుట్టుంటే ఊడేదా?" అన్నాడు.

ఆయన భార్య ఆదెమ్మ కొట్టులోనే పీట వేసుకుని జాకెట్లకు హుక్కులు కుట్టేది. ఆమె కాళ్ల దగ్గర గోధుమరంగు కుక్క ఒకటి పడుకునేది. చిన్నగా, గుండ్రంగా ఉంటుందని దానికి గుండీ అనే పేరు పెట్టుకుంది. పోయిన ఈతలో గుండీ చావుదాకా వెళ్లొచ్చింది. పుట్టిన పిల్లల్లో ఒక్కటీ దక్కలేదు. "ఇంకోసారి ఈనితే తల్లి కూడా దక్కదు" అంది పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ. అందుకని పిల్లలు పుట్టకుండా దానికి ఆపరేషన్ చేయించారు.

డాక్టరమ్మ పొట్ట మీది కుట్లు చూపించి జాగ్రత్తలు చెప్పింది.

"నేను కుట్లు విప్పేదాకా దీన్ని గెంతనివ్వకండి. స్నానం వద్దు. పసుపూ నూనే ఏమీ రాయొద్దు. అది పుండు నాకకుండా ఈ గరాటు మెడకు ఉండాల్సిందే. ముట్టుకోకుండా ఉండండి, అదే మానుతుంది."

"ఏమీ చెయ్యకపోతే ఎట్టా మానుద్దమ్మా?" అన్నాడు పేరయ్య.

"పదవయ్యా, ఆవిడకి నువ్వు నేర్పబాక" అని ఆదెమ్మ ఆయన్ని బయటికి లాక్కొచ్చింది.

మెడ చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గరాటుతో గుండీ కొట్టు ముందు కూర్చుంటే, బస్సు దిగినవాళ్లంతా ఆగి చూసేవాళ్లు. పక్కన బజ్జీలు వేసే నాంచారమ్మ ఊరుకుంటుందా?

"ఏం ఆదెమ్మక్కా, కుక్కకి మైకు కట్టావు. ఎలక్షన్లో నిలబెడతావా ఏంటి?"

"నిలబెడితే నీకంటే దానికే ఎక్కువ ఓట్లు పడతాయిలేవే!"

పేరయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్లన్నీ ఆ కుట్ల మీదే. నల్లదారం. ప్రతి ముడి దగ్గరా గోరంత కొసలు పైకి నిక్కి ఉన్నాయి.

"పెద్ద చదువే గానీ చేతిపని కుదర్లేదే ఆవిడకి. కొసలెట్టా వదిలేసిందో చూడు!"

"ఆవిడ పనిలో నీకెందుకయ్యా?"

"కొసలు వదిలేస్తే కుట్టంటారా దాన్ని?"

ఆదెమ్మ వేలు చూపించింది. "దాని జోలికి పోయావో, చూడు మరి!"

ఒకరోజు పొద్దున ఆదెమ్మ రేషను బియ్యానికి వెళ్లింది. గుండీ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. పేరయ్య మిషను ఆపాడు. చెయ్యి జేబులోకి పోయింది. ఒక్క కొస కత్తిరించి ఆగుదామనుకున్నాడు. ఒకటి కత్తిరించాక పక్కది మరీ పొడుగ్గా కనబడింది. అలా అన్నిటినీ ముడి మొదటిదాకా నున్నగా కత్తిరించేశాడు. "ఇదీ కుట్టంటే!" అనుకుని మళ్లీ మిషను తొక్కసాగాడు.

ఇంతలో ఆదెమ్మ వచ్చింది. ఆమెను చూడగానే గుండీ తోక ఊపుకుంటూ లేచి ఒక్క గెంతు గెంతింది. కొసలు లేని ముడులు జారిపోయాయి. కుట్లు విడిపోయి, పుండు నోరు తెరిచింది. నేల మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

ఆదెమ్మ చేతిలోని బియ్యం సంచి జారిపోయింది. "ఏం చేశావయ్యా దీన్ని?"

"నున్నగా ఉంటుందని..."

"నున్నగానా! దీనికేమన్నా అయితే, ఇక ఈ కొట్టు గడప తొక్కను. చెబుతున్నా!"

పేరయ్య చేతికందిన కొత్త మల్లుగుడ్డతో గుండీ పొట్ట చుట్టి, రెండు చేతులతో ఎత్తుకుని ఆటో ఎక్కాడు. వెనకే ఆదెమ్మా ఎక్కింది. డాక్టరమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్లింది. బయట బల్ల మీద ఈ చివర ఆయన, ఆ చివర ఆదెమ్మ కూర్చున్నారు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. "అదృష్టవంతురాలు. లోపలి కుట్లు చెక్కుచెదరలేదు. పైవి మళ్లీ కుట్టాను. బతికింది" అంది.

పేరయ్య లేచి నిలబడ్డాడు. "కొసలు నేనే కత్తిరించానమ్మా. మీరు మర్చిపోయి వదిలేశారనుకున్నాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. "అవి వదిలేసినవి కావు పేరయ్యగారూ, ఉంచినవి. కొస ఉంటేనే ముడి నిలుస్తుంది. చొక్కాని మీ కుట్టు ఎప్పటికీ పట్టి ఉంచాలి. నా కుట్టు అలా కాదు. నేను రెండంచులూ దగ్గరికి చేర్చానంతే. అతికించుకునేది దాని ఒళ్లే. దాని పని దాన్ని చేసుకోనివ్వండి."

ఇంటికి రాగానే పేరయ్య కత్తెర తీసి ఆదెమ్మ ఒళ్లో పెట్టాడు.

"ఇది నీ దగ్గరుంచు. నేను అడిగినప్పుడల్లా ఎందుకని అడుగు."

ఆదెమ్మ కత్తెర వంక చూసింది, ఆయన వంక చూసింది. "జేబు బోసిగా ఉండదూ?" అంది. పొద్దుటి నుంచి ఆయనతో అన్న మొదటి మంచి మాట అదే.

అప్పటి నుంచి ఆయన గుండీని మిషను పక్కనే గంపలో పడుకోబెట్టుకునేవాడు. అది గెంతబోతే మెల్లగా ఒడిసిపట్టుకునేవాడు. కొసలు మళ్లీ నిక్కి చూస్తూనే ఉన్నాయి. చేతికి దురద పుట్టినప్పుడల్లా గరాటులోకి వేళ్లు పెట్టి గుండీ చెవుల వెనక గోకేవాడు. అది కళ్లు మూసుకుని సుఖంగా మూలిగేది. పుండు రోజురోజుకీ దగ్గరపడింది. దాని కోసం ఆయన చేసింది ఏమీ లేదు.

కుట్లు విప్పే రోజు వచ్చింది. పొట్ట మీద సన్నటి గులాబీ గీత మాత్రమే మిగిలింది. ఏ సూదీ అంత సన్నగా కుట్టలేదు. డాక్టరమ్మ నవ్వుతూ కత్తెర చాపింది. "రండి పేరయ్యగారూ, ఇవాళ కొసలు కత్తిరించొచ్చు. మీరే కానివ్వండి."

పేరయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "వద్దమ్మా. నాది గుడ్డల కత్తెర."

ఆదెమ్మ పకపకా నవ్వింది. గరాటు తీసేయగానే గుండీ ఒళ్లంతా విదిలించుకుని, ఈసారి పేరయ్య మీదికే గెంతింది.

విన్నారా పిల్లలూ? పని చెయ్యడం ఒక నేర్పు. చెయ్యి ఆపుకోవడం అంతకంటే పెద్ద నేర్పు. మానేదాన్ని మాననివ్వాలి.

సరే, వాన వెలిసింది. లేవండి, ఇళ్లకు పోయి వేడివేడిగా అన్నం తినండి. జోజీ, ఆ చేత్తో ముద్ద కలుపుకో నాయనా, మోకాలి జోలికి మాత్రం పోకు.