దొమితీలా వంచిన చేను

అనగనగా ఒక ఊళ్ళో... ఉండు బంగారూ, అప్పటికింకా అక్కడ ఊరే లేదు. రెండు అమెరికాల మధ్య సన్నటి నేల ఉందే, అక్కడి కొండల్లో ఒక్క గుడిసె, ఒక్క మొక్కజొన్న చేను. ఆ గుడిసెలో దొమితీలా అనే ముసలావిడ ఉండేది. మొండి మనిషి. నాలాగే అనుకో.

వాళ్ళ పాత ఊరి మీద అగ్నికొండ బూడిద కురిసి పొలాలన్నీ కప్పెట్టేసింది. అందరూ తలో దిక్కూ పోయారు. దొమితీలా మాత్రం ఇన్ని మొక్కజొన్న గింజలు మూటగట్టుకుని ఈ కొండెక్కింది. ఆ గింజలే ఆవిడ తిండి, ఆవిడ విత్తనం. పంట పోతే మళ్ళీ వేసుకోడానికి గుప్పెడు దొరకవు.

అప్పుడు సముద్రపు ఒడ్డు నుంచి ఎవరిస్తో అనే జాలరి, వాడి పెళ్ళాం వీసెంతా, ఇంకొన్ని కుటుంబాలూ వచ్చాయి. తుఫాను వాళ్ళ పడవల్ని మింగేసింది. దొమితీలా వాళ్ళకి రొట్టెలు కాల్చి పెట్టింది. పక్కనే గుడిసెలు వేసుకోమంది.

ఆ తర్వాత కంకులు ముదిరాయి. ముదిరాక అక్కడి రైతులు ఏం చేస్తారో తెలుసా? ప్రతి కర్రనీ కంకి కిందగా తలకిందులుగా వంచేస్తారు. అప్పుడు వాన నీళ్ళు లోపలికి దిగకుండా పైతొక్క మీంచి జారిపోతాయి, గింజ చేలోనే ఎండుతుంది. దొమితీలా చేనంతా అలా వంచేసి, కొండవతల కూతురికి పురుడు పోయడానికి వెళ్ళింది.

చేపలు తప్ప చేలెరగని వాళ్ళు పొద్దున్నే చూసి గుండెలు బాదుకున్నారు.

"పెద్దమ్మ చేనంతా గాలికి పడిపోయిందే" అన్నాడు ఎవరిస్తో.

"మనకి తిండి పెట్టిన మనిషి. ఆవిడొచ్చేలోగా నిలబెట్టేద్దాం పదండి" అంది వీసెంతా.

అప్పుడు కర్రలన్నీ పైకెత్తారు. ఆ తర్వాత ఊతకర్రలు పాతి తాళ్ళతో కట్టారు. వలలు అల్లే చేతులు కదా, ముళ్ళు ఊడమన్నా ఊడవు. ఆ తర్వాత వానలో తడుస్తూనే మొదళ్ళకి మట్టి ఎగదోశారు.

దొమితీలా తిరిగొచ్చేసరికి చేను నిటారుగా నిలబడి ఉంది. కంకులు నీళ్ళు తాగి నల్లగా బూజెక్కాయి. ఆవిడ గట్టు మీద కూలబడి ఏడ్చింది. జరిగింది తెలిశాక ఎవరిస్తో తలెత్తలేకపోయాడు.

తిడదామనే నోరు తెరిచిందిట. అప్పుడు వాళ్ళ చేతులు కనిపించాయి. మొక్కజొన్న ఆకు చర్మాన్ని కోసేస్తుంది బంగారూ. పిల్లల చేతుల నిండా కూడా గాట్లే. తన కోసం అంత పాటు పడ్డవాళ్ళు ఆవిడ బతుకులో ఇంకెవరూ లేరు.

"నాకు ఇంతమంది ఉన్నారని నాకే తెలీదు" అంది దొమితీలా.

ఆ తర్వాత అందరూ కూర్చుని బూజు కంకుల్లోంచి మంచి గింజలు ఏరారు. ఒక్క చేనుకి సరిపడా వచ్చాయి. "ఒక్కటే వేద్దాం, అందరిదీ" అందావిడ. పంట చేతికొచ్చేదాకా ఎవరిస్తో వాగులో పట్టిన చేపలే అందరి కడుపూ నింపాయి.

ఆ చేను పండింది. దాని చుట్టూ లాస్ మిల్పాస్, అంటే మొక్కజొన్న చేలు, అనే ఊరు లేచింది. తర్వాత చర్చి వచ్చింది, కాఫీ తోటలొచ్చాయి, బస్సొచ్చింది. ఇప్పటికీ అక్కడ కంకి ముదిరితే, పక్కవాళ్ళ చేను వంచొచ్చాకే తమ చేను వంచుకుంటారు. చేను గలవాళ్ళు వేడి రొట్టెలు పెట్టి, సాయానికొచ్చిన ప్రతి చేతినీ పట్టుకుని "నువ్వున్నావు, అదే చాలు" అంటారు.

కాకపోతే చేలో అడుగుపెట్టే ముందు ఒక్క మాట అడుగుతారుట. "వంచమంటారా, నిలబెట్టమంటారా?"

కథేమో కంచి దారి పట్టింది,
నిద్దరొచ్చి మనింటి తలుపు తట్టింది.