గారెలు తినే పిల్లి

వెనకటికో రాజుగారి వంటశాలలో నూకాలమ్మదే పెత్తనం. కూరలో ఉప్పెక్కువైతే మొండిఘటం సింహాద్రిని అందరి ముందూ దులిపేసేది. బిడియం మనిషి పైడమ్మకైతే చెవిలో చెప్పేది.

అది చూసి రాజుగారికి ఒళ్లు మండింది. "ఒకే తప్పుకు మనిషికో మాటా? రేపట్నుంచి అందరినీ ఒకేలా తిట్టు. లేదంటే కొలువు మానెయ్!"

"పైడమ్మను కేకలేస్తే వారం దాకా గరిటె పట్టదు ప్రభూ. ఎవరికి ఎలా చెబితే ఎక్కుతుందో అలాగే చెప్పాలి."

"అయితే నా తప్పు నాకెలా చెబుతావు?"

"అతిథులకంటే ముందే గారెలు లాగించడం తమరెందుకు మానేశారు ప్రభూ?"

"నువ్వు గారెలు తినే దొంగపిల్లిని తిడుతుంటే విని, సిగ్గేసి..." రాజుగారు టక్కున ఆగి, వంటశాల నాలుగు మూలలూ చూశారు. "ఏదీ ఆ పిల్లి?"

"మన వంటశాలలో పిల్లి ఎప్పుడుంది ప్రభూ?"