కంప పక్కన ముట్టెమ్మ

వాగు పెద్దదే గానీ నీళ్ళుండవు. మాఘం దాటిందంటే ఎటు చూసినా ఇసకే. ఆ ఇసక నడుమ ఒకే ఒక్క మడుగు. ఈ గట్టు జంతువులకీ, ఆ గట్టు జంతువులకీ వేసవంతా అదే దిక్కు. తెల్లారి ముందు దిగినవాళ్ళకి తేట నీళ్ళు. ఎండెక్కాక దిగినవాళ్ళకి బురద, పైగా నిప్పుల్లాంటి ఇసకలో నడక. అందుకని ఏటా ఒకరోజు రెండు గట్లవాళ్ళూ ఆటాడేవాళ్ళు. గెలిచిన గట్టుకి వేసవంతా తెల్లవారు వంతు, ఓడిన గట్టుకి మధ్యాహ్నం వంతు.

ఆట కాయతో. పీచు ఒలవని ఎండు కొబ్బరికాయ. కిందపడితే ఏ పక్కకి గెంతుతుందో దానికే తెలియదు. దాన్ని పట్టుకెళ్ళి అవతలివాళ్ళ గీత దాటించాలి. పక్కవాళ్ళకి అందించాలంటే వెనక్కే అందించాలి గానీ ముందుకి విసరకూడదు. మధ్యలో ఆట ఆగితే ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది తలలు ఆనించి, నడుమ వేసిన కాయ కోసం తోసుకోవాలి. దాన్ని తోపు అనేవాళ్ళు.

ఈ గట్టు తోపులో ముందు మూడు దున్నపోతులు, వాటి వెనక రెండు గాడిదలు. వాటికీ వెనక ముగ్గురు. అందరికన్నా చివర, మధ్యలో, కోటయ్య ఎద్దు. ముందువాళ్ళు కాళ్ళసందుల్లోంచి కాయని వెనక్కి జారిస్తే అది వచ్చి కోటయ్య గిట్ట కింద ఆగేది. ఎప్పుడు తీసుకోవాలో, ఎప్పుడు ఇంకాస్త ఓపిక పట్టాలో కోటయ్యకే తెలుసు.

కుడిపక్క, ఆరుబయట ఇసక ఉన్నవైపు, బుల్లబ్బాయి ముంగిస. కాయ ఎవరి దగ్గర్నుంచి జారినా ముందు వాడే దానిమీద ఉండేవాడు. కాయని ఎత్తలేడు గానీ, వెనక కాళ్ళసందులోంచి వెనక్కి ఒక్క తన్ను తన్నేవాడు.

ఎడమపక్క ముట్టెమ్మ. అడవిపంది. ఆ పక్కన పుచ్చపాదుల రైతు వేసుకున్న తుమ్మకంప దడి. దడి దగ్గర ఇసక గట్టిగా ఉంటుందని ఆట నడిపే కొంగ పంతులు తోపు ఎప్పుడూ అక్కడే పెట్టించేవాడు. తోపుకీ దడికీ మధ్య రెండు గాడిదలు పట్టేంత సందు. ఆ సందులోంచి ఎవర్నీ రానివ్వకపోవడం ముట్టెమ్మ పని.

ముట్టెమ్మ ఈని పదహారు రోజులు. గట్టుమీద జిల్లేడు నీడలో ఏడుగురు పిల్లలూ ఒకరిమీద ఒకరు పడుకుని చూస్తున్నారు. కిందటేడు ఈ గట్టు ఓడింది. మధ్యాహ్నం వంతుకి ఇసక దాటిస్తుంటే అప్పటి ఈతలో ఇద్దరు పిల్లలు సగం దారిలో పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. ఆ సంగతి ముట్టెమ్మ ఎవరి దగ్గరా ఎత్తదు. ఎత్తకపోయినా ఆట మొదలైనప్పట్నుంచీ ఆమె కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఎసరు పొంగేటప్పుడు గిన్నె మీద మూత ఎగిరినట్టు ఎగురుతున్నాయి.

"వంగండి! ఆనండి! తోయండి!" అని అరిచాడు కొంగ పంతులు.

తోశారు. కాయ కోటయ్య కిందికి వచ్చింది. ఆగాడు, ఆగాడు, ఒక్కసారిగా కుడివైపుకి అందించాడు. బుల్లబ్బాయి దాని వెంట పరిగెత్తాడు, అందుకున్నవాళ్ళ దగ్గర్నుంచి కాయ జారింది, వాడు తన్నాడు, ఈ గట్టు లేడి ఒకటి అందుకుని గీత దాటింది. రాళ్ళమీద కూర్చుని చూస్తున్న కోతులన్నీ లేచి ఎగిరాయి. "బుల్లబ్బాయ్! ఓ బుల్లబ్బాయ్!"

ముట్టెమ్మ సందులో నిలబడి ఉంది. అటు కంప, ఇటు గాడిద వెనకభాగం. ఆమె వైపు ఒక్క ఈగ కూడా రాలేదు.

మళ్ళీ తోపు పడింది. ఈసారి కాయ వేసే వంతు ఆ గట్టుది. వాళ్ళ తరఫున కాయ వేసేదీ, వెనకనించి తీసేదీ నక్క జంబయ్య. కాయ కంపవైపు నుంచే వేయాలి కాబట్టి వచ్చి ముట్టెమ్మ చెవి దగ్గరే నిలబడ్డాడు.

"ఏం వదినా, కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

ముట్టెమ్మ గాడిదకి ఆనుకుంది.

"ఊరికే అడిగాలే. పొద్దున్నుంచీ చూస్తున్నా, నిన్నీ కంపకి కట్టేసినట్టుందే! ఆ ముంగిసగాడికేమో కేకలూ ఈలలూనూ."

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనేముందిలే. పిల్లలు చూస్తున్నారు కదా అని బాధేసి అన్నా. ఏడుగురా? ఆ చివరది బాగా బక్కగా ఉందే. ఇసక దాటగలదంటావా?"

ముట్టెమ్మ ముట్టె బిగుసుకుంది. కొంగ అరిచాడు, తోపు నడిచింది, కాయ ఆ గట్టుకే వెళ్ళింది, జంబయ్య దాన్ని తీసుకుని ఆరుబయట వైపుకే ఇచ్చాడు. అక్కడ మళ్ళీ గోల, మళ్ళీ బుల్లబ్బాయి, మళ్ళీ కేకలు. ముట్టెమ్మ ఇటు రెండడుగులు వేసింది, అటు రెండడుగులు వేసింది. ఏడుగురు పిల్లల తల్లి ఇక్కడ కంపని కాపలా కాస్తుంటే ఆట అక్కడ జరిగిపోతోంది. ఓడితే? ఊరికే నిలబడి ఓడిపోయామని తర్వాత చెప్పుకోవాలా?

మూడో తోపుకి జంబయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి అసలేం మాట్లాడలేదు. గట్టుమీద పిల్లలవైపు చూశాడు, ముట్టెమ్మవైపు చూశాడు, 'చ్చొ చ్చొ' అన్నాడు. అంతే.

కాయ పడింది. ముట్టెమ్మ ఆగలేకపోయింది. తోపు వదిలేసి, కోటయ్య వెనకనించి చుట్టి, ఆరుబయట వైపుకి ఉరికింది. "నేనొస్తన్నా!" అని అరిచింది కూడా.

బుల్లబ్బాయి వెనక్కి తిరిగి చూసి అదిరిపోయాడు. "అత్తా! నువ్విక్కడేంటి? నీ సందో?"

అప్పటికే జంబయ్య కాయని నోట కరుచుకుని కంప పక్కనించి నింపాదిగా పోతున్నాడు. పరిగెత్తను కూడా లేదు. గీత దాటి, కాయ దించి, దానిమీద కూర్చుని తోక సర్దుకున్నాడు.

"ఒకటీ ఒకటీ సమానం!" అన్నాడు కొంగ. "నా నీడ నా కాళ్ళకిందకి వచ్చేదాకా ఆట. ఇప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోండి."

ఈ గట్టువాళ్ళు ఒకచోట చేరారు. దున్నపోతులు ముట్టెమ్మ వంక చూడకుండా మొహాలు తిప్పుకున్నాయి. బుల్లబ్బాయి మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అనొద్దనుకుంటున్నా అత్తా, కానీ అనకుండా ఉండలేను. నువ్వెందుకొచ్చావ్? నేను లేనా అక్కడ?"

"ఉన్నావురా. నువ్వే ఉన్నావు. ఊరందరికీ నువ్వే కనిపిస్తున్నావు," అంది ముట్టెమ్మ. "నేను చేసేదేముంది కోటయ్య బావా? పొద్దున్నుంచీ నా వైపు ఒక్కడొచ్చాడా? చెప్పు."

కోటయ్య నెమరేస్తున్నాడు. మింగి అన్నాడు.

"రాలేదు. ఎందుకు రాలేదంటావు?"

"నాకేం తెలుసు!"

"జంబయ్యకి దగ్గరిదారి ఏది? ఆరుబయటా, సందా?"

ముట్టెమ్మ ఆలోచించింది. "సందే."

"మరి పొద్దున్నుంచీ దూరపుదారి ఎందుకు పట్టాడు? సందులో నువ్వున్నావని. నువ్వు పక్కకి తప్పుకున్నావు, మరుక్షణంలో వచ్చాడు. ఇంతోటిదానికి నన్నడుగుతావేంటి?"

నక్క అన్న ఒక్కొక్క మాటా ముట్టెమ్మ చెవిలో మళ్ళీ తిరిగింది. బాధేసి అన్నాడట! ఆమెని కదిలించడానికి పిల్లల్ని ముందుకి తెచ్చాడు.

"తెలివితక్కువదాన్ని," అంది.

"కాదులే. కాళ్ళు నిలవవు నీకు, అంతే. ఆ సందులో నిలబడి ఉండు. అది చాలు."

"అదే నావల్ల కాదు బావా! నిలబడమంటే ఇంకా ఎక్కువ లాగుతాయి." ముట్టెమ్మ ఇసక గీరింది. గీరుతూ గీరుతూ ఆగింది. "అవును, నా కాళ్ళు ఆగవని వాడికీ తెలుసు కదా?"

"తెలుసు."

"అయితే వాడు చూస్తుండగా కదులుతా. నీ వెనకదాకా వచ్చి ఆగిపోతా. నువ్వింత కొండలా ఉన్నావు, నీ డొక్కచాటున ఉన్నది వాడికి కనబడుతుందా?"

కోటయ్య నెమరు ఆపాడు. అతను నెమరు ఆపడం బుల్లబ్బాయి అంతకుముందెప్పుడూ చూడలేదు.

"కనబడదు," అన్నాడు కోటయ్య. "ఒరే అబ్బాయ్, నువ్వు?"

"నేనా? ఆరుబయటకెళ్ళను. దున్నమామల కాళ్ళకింద దూరి సందులోకొస్తా. కాయ పడుతుంది కదా మరి, పడిన చోట నేనుండాలి కదా!" అన్నాడు బుల్లబ్బాయి. వాడికప్పుడే ఒళ్ళంతా గగుర్పొడిచింది.

ఆట మళ్ళీ మొదలైంది. ఎవరూ గీత దాటలేకపోయారు. కొంగ నీడ చిన్నదవుతోంది, జానెడయింది, బెత్తెడయింది. ఇసక కాలుతోంది. మైదానం నడిమధ్య ఆ గట్టు ఎలుగుబంటి కాయని జారవిడిచింది, దాన్ని పట్టిన ఈ గట్టు దున్న ముందుకి జారవిడిచింది. కొంగ ఈల వేసి, తప్పు దున్నదని కాయ ఆ గట్టుకి ఇచ్చాడు.

"చివరి తోపు! వంగండి!"

జంబయ్య కాయ పట్టుకుని ముట్టెమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏం వదినా, ఇందాక చివాట్లు పెట్టారా?"

"పెట్టారు," అంది ముట్టెమ్మ తల దించుకుని. కాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. ఆడించాల్సిన పని లేదు, వాటంతటవే ఆడుతున్నాయి.

"అయ్యో. ఇంక కదలవన్నమాట, పాపం! నీళ్ళ వంతు ఎవరికొస్తే నీకేంలే. ఆ బక్కదాని సంగతి చూసుకో, సాయంత్రానికి..."

"ఆనండి! తోయండి!"

కాయ లోపల పడింది. అదే క్షణంలో ముట్టెమ్మ గాడిదని వదిలేసి గభాల్న కోటయ్య వెనక్కి పరిగెత్తింది. జంబయ్య చూశాడు. చూసి నవ్వాపుకుంటూ తమ తోపు వెనక్కి చుట్టి వెళ్ళాడు.

కోటయ్య డొక్కచాటున ముట్టెమ్మ ఆగింది. ఆగడమంటే అలా ఇలా కాదు. అటుపక్క ఆరుబయట ఎవరో కేకవేశారు, ఇసక లేచింది, కోతులు అరిచాయి. ఇంకొక్క అడుగేస్తే ఆట అంతా కళ్ళముందుంటుంది. నాలుగు కాళ్ళూ అటే లాగుతున్నాయి. కాయ నిజంగా అటే వెళ్ళిందేమో? ఇక్కడ దాక్కుని ఓడిపోతే? కింద కాలే ఇసకలోకి గిట్టలు దిగేశాయి. పోనీ ఒక్కసారి తొంగిచూస్తే? చూడలేదు. ముట్టె కోటయ్య తొడకి ఆనించి కళ్ళు మూసుకుంది.

అప్పుడు కంపవైపు నుంచి ఇసక మీద మెత్తటి అడుగులు వినిపించాయి. నింపాదిగా. పరుగు కూడా కాదు.

ముట్టెమ్మ బాణంలా బయటికొచ్చింది. తల దించి, నేలని రాసుకుంటూ, రెండు గాడిదలు పట్టేంత సందుకి అడ్డంగా. జంబయ్య ఆమెని చూడ్డానికీ, ఆమె అతని నడుముకి తగలడానికీ మధ్య తేడా లేదు. నక్క ఎగిరి కంపలో పడ్డాడు. కాయ నోట్లోంచి జారి ఎటో గెంతబోయింది.

గెంతలేదు. దున్నపోతుల కాళ్ళకిందనించి ఎర్రటి మూతి ఒకటి బయటికొచ్చింది, దాని వెనకాల బుల్లబ్బాయి. కాయమీద పడ్డాడు. "మామా, ఇదిగో!" వెనక కాళ్ళసందులోంచి ఒక్క తన్ను.

కాయ దొర్లుకుంటూ వెళ్ళి కోటయ్య గిట్ట కింద ఆగింది. అతను తొందరపడలేదు. అటు చూశాడు. ఆ గట్టు దుప్పులన్నీ ఆరుబయట బారులుతీరి నిలబడి ఉన్నాయి. ఎలుగులు ఇంకా తలలు వంచుకుని తోస్తూనే ఉన్నాయి. సందు ఖాళీ. పీచు పళ్ళతో పట్టుకుని కోటయ్య కంప పక్కనించి నడిచాడు. నడక పరుగైంది. ఎద్దు ఒకసారి పరుగందుకున్నాక ఆపేదెవరు? ఒక దుప్పి అడ్డొచ్చింది గానీ, దగ్గరికొచ్చాక ఆలోచన మార్చుకుంది.

గీత దాటాడు. కాయ దించాడు. కొంగ తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నీడ లేదు.

"ఆట ముగిసింది! తెల్లవారు వంతు ఈ గట్టుది!"

కోతులు "కోటయ్యా! కోటయ్యా!" అని చిందులేశాయి. అందరూ అటే పరిగెత్తారు. సందులో ముట్టెమ్మా, కంపలో తోక చిక్కుకున్న జంబయ్యా మిగిలారు. వాడు ఒక్కొక్క ముల్లే పీక్కుంటున్నాడు.

"నువ్వెళ్ళిపోయావు కదా!" అన్నాడు ఏడుపుగొంతుతో. "నా కళ్ళారా చూశానే!"

"వెళ్ళడం చూశావు. ఆగడం చూళ్ళేదు."

"మరి పొద్దున్నుంచీ ఆ గెంతులేంటి? అదంతా నాటకమా?"

"నాటకం కాదు మరిదీ. ఇప్పుడూ ఆగట్లేదు, చూడు," అంది ముట్టెమ్మ. నిజమే, నాలుగు కాళ్ళూ ఇంకా ఆడుతూనే ఉన్నాయి. తల వంచి, అతని తోకని నోట కరిచి కంపలోంచి ఒక్క లాగు లాగింది. జంబయ్య కెవ్వుమన్నాడు. తోక వచ్చింది గానీ బొచ్చు సగం అక్కడే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా చల్లటి ఇసకమీద ముట్టెమ్మ పిల్లల్ని నడిపించుకెళ్ళింది. ఏడుగురూ మడుగుదాకా వచ్చారు. బక్కది అందరికన్నా ముందు దిగి, మూతి ముంచి, తల ఎత్తి అడిగింది.

"అమ్మా, నిన్న కోటయ్య మామ గీత దాటాడు కదా. బుల్లబ్బాయి బావ కాయ తన్నాడు కదా. నువ్వేం చేశావు?"

ముట్టెమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టింది. చల్లగా తగిలేసరికి ఆ కాళ్ళు మొదటిసారి ఊరుకున్నాయి.

"నేను మన పక్క చూసుకున్నానమ్మా. తాగు."

ఒక పక్కకి ఎవరూ రావడం లేదంటే అక్కడ పని లేదని కాదు, అక్కడ పనిచేసేవాళ్ళు ఉన్నారని.