చిన్న ఫోన్‌లో పట్టని రాజుగారు

తెనాలిలో చక్రధర్ అనే వెబ్‌సైట్ల డిజైనర్ ఉండేవాడు. పనిలో నేర్పరే గానీ, తన కంటికి బాగుంటే లోకానికంతటికీ బాగున్నట్టేనని అనుకునేవాడు. అతని బల్ల మీద కిటికీ అంత కంప్యూటర్ తెర ఉండేది. ఏం చేసినా దాని మీదే చేసేవాడు, దాని మీదే చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ ఊళ్లోనే కోటిలింగం మాస్టారు ఒక చిన్న నాటక సమాజం నడిపేవారు. కొన్నేళ్లుగా నాటకాలకి జనం పలచబడ్డారు. "ఈసారి టికెట్లన్నీ వెబ్‌సైట్‌లోనే అమ్ముదాం. ఇంట్లో కూర్చునే కొనుక్కుంటారు. అప్పటికీ జనం రాకపోతే సమాజం మూసేద్దాం" అని ఆయన తోటి నటులతో చెప్పి, ఆ పని చక్రధర్‌కి అప్పగించారు.

చక్రధర్ కష్టపడి చేశాడు. తెర నిండా రాజు వేషంలో మాస్టారు, తల మీద ధగధగలాడే కిరీటం, కుడిపక్క చివర బంగారు రంగులో టికెట్ల బటన్. చూసిన నటులంతా చప్పట్లు కొట్టారు.

"ఏదీ, నా ఫోన్‌లో కూడా ఒకసారి చూపించవయ్యా" అన్నారు మాస్టారు.

"అంత చిన్నదాంట్లో దీని అందం ఏం తెలుస్తుంది మాస్టారూ! పెద్ద తెర మీదే చూడాలి" అన్నాడు చక్రధర్. పెద్దాయన ఆ మాట నమ్మి, గేటు దగ్గర టికెట్లు దొరకవని పోస్టర్లు కూడా వేయించేశారు.

ఆదివారం సాయంత్రం నాటకం. తెర లేచేసరికి హాల్లో నటుల ఇళ్లవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ లేరు. మాస్టారు మాత్రం ఒక్క పద్యం కూడా తగ్గించకుండా, ఖాళీ కుర్చీలనే సభ అనుకుని పాడారు. చక్రధర్‌కి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నాటకం కాగానే బయటికొచ్చాడు. వీధి మలుపులో కూరగాయల సంచితో రాజ్యలక్ష్మి టీచర్ ఎదురయ్యారు. ఆవిడ ఒకప్పుడు ఏ నాటకమూ వదిలేవారు కాదు.

"నాటకానికి రాలేదేం టీచర్‌గారూ?"

"రావాలనే చూశాను నాయనా. ఫోన్‌లో తెరిస్తే రాజుగారి మీసం వచ్చింది. పైకి జరిపితే కిరీటం, కిందికి జరిపితే కంఠహారం. టికెట్టు మాత్రం ఎక్కడా కనపళ్లేదు. మా వీధిలో వాళ్లదీ ఇదే గొడవ!"

చక్రధర్ తన ఫోన్ తీసి చూశాడు. తెర నిండా మీసమే. పేజీని పెద్ద తెర కొలతకే బిగించి కట్టడంతో మిగతాదంతా అంచు దాటిపోయింది. బటన్ జాడే లేదు.

తల దించుకుని వెనక్కి వెళ్లాడు. మాస్టారు కొబ్బరినూనెతో ముఖానికున్న రంగు తుడుచుకుంటున్నారు.

"జనం మిమ్మల్ని కాదనుకోలేదు మాస్టారూ. టికెట్టు కొనబోతే నా వెబ్‌సైటే కొననివ్వలేదు. తప్పు నాది."

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. "ఊరు మమ్మల్ని మరిచిపోయిందనుకున్నానయ్యా. ఇదే ఆఖరి నాటకమని అందరికీ చెప్పేశాను కూడా" అన్నారు. కళ్లు తుడుచుకుని నవ్వారు. "అయితే మళ్లీ ఆడదాం. నువ్వు సరిచెయ్యి."

చక్రధర్ ఈసారి చిన్న ఫోన్‌తో మొదలుపెట్టాడు. ముందు నాటకం పేరు, రోజు, వేళ, వాటి కిందే టికెట్ల బటన్. రాజుగారు బుద్ధిగా తెర వెడల్పుకి ఒదిగారు. తెర పెద్దదయ్యేకొద్దీ అవే పక్కపక్కకి పరుచుకునేలా చేశాడు. సమాజంలోని హార్మోనిస్టు తన పగిలిన ఫోన్‌లో చూశాడు, ఊళ్లోని బ్యాంకు మేనేజరు తన ట్యాబ్‌లో చూశాడు. చివరికి టీచర్‌గారి ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి ఆవిడ చేతికే ఇచ్చి నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆవిడ అక్షరాలు పెద్దవిగా పెట్టుకోవడంతో బటన్ మీది మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విసుక్కోకుండా అదీ సరిచేశాడు.

"అదిగో, టికెట్టు వచ్చేసింది!" అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

తరువాతి ఆదివారం హాలు నిండింది. షామియానా కొట్టు నుంచి కుర్చీలు తెప్పించాల్సి వచ్చింది. మాస్టారు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే వెనక వరుసల్లోంచి "వన్స్ మోర్!" అని కేకలు లేచాయి. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మళ్లీ మొదటినుంచీ అందుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ చక్రధర్‌కి కూర్చోవడానికి చోటు దొరకలేదు. అందుకు అతనికి ఎంత సంతోషమో చెప్పలేం.

నీతి: మన పని మన కంటికి నచ్చితే చాలదు, ఎవరి కోసం చేశామో వాళ్ల చేతిలో ఒదిగినప్పుడే అది మంచి పని.