ఇప్పమ్మ కొన్న మెత్తటి జోళ్ళు

అనగనగా ఒక అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. దాని పేరు ఇప్పమ్మ. ఏ అడవి, ఎన్నేళ్ళ కిందట అని మధ్యలో అడ్డుపడకండి. ఈ కథ మొదలెడితేనే నాకు గుండె దడదడలాడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మబుద్ధి కాదు. హవ్వ! ఒక జత జోళ్ళ దగ్గర ఎవరైనా అంత పని చేస్తారా?

ఆ అడవి పక్కన ఒక ఏరు పారుతుంది. ఏటి మధ్యలో చిన్న లంక ఉంది. ఆ లంకలో ఇప్పమ్మ చెల్లెలు తునికమ్మ ఉంటుంది. తునికమ్మకు నీళ్ళంటే చచ్చే భయం. చిన్నప్పుడు ఒకసారి పడవ బోల్తా పడి కడుపు నిండా నీళ్ళు మింగింది. అప్పట్నుంచి పడవ పేరెత్తితే చాలు, వణికిపోతుంది.

ఏటా వరద పొంగితే లంకలో వాళ్ళని పడవలో ఇవతలి ఒడ్డుకు చేర్చాలి. ఆ ఏడు పాత పడవవాడికి నడుం పట్టేసింది. కొత్తవాళ్ళు కావాలి.

"భయపడకే చెల్లీ. ఈసారి పడవ నేనే వేసుకొస్తా," అని ఇప్పమ్మ మాటిచ్చింది.

"నువ్వొస్తేనే ఎక్కుతానక్కా. ఇంకెవరొచ్చినా ఎక్కను. ఒట్టు!" అంది తునికమ్మ.

తెడ్లు లాగడం నేర్పేది ఏటమ్మత్త. ఆవిడ నీరుకుక్క. ఏట్లోనే పుట్టి ఏట్లోనే పెరిగింది. వానాకాలం ఏట్లోకి దిగి నేర్చుకుంటే ప్రాణాలకే ముప్పు కదా. అందుకని తన గుహలోనే ఒక పొడిపడవ కట్టింది. పొడిపడవంటే నీళ్ళు అక్కర్లేని పడవ. ఒక పొడుగాటి బల్ల, దాని మీద ముందుకీ వెనక్కీ జారే పీట. ఎదురుగా కాళ్ళు ఆనించే పలక. పాదం జారిపోకుండా పలకకు నార పట్టీ. చేతుల్లో పట్టుకోడానికి ఒక రోకలి. రోకలికి కట్టిన మోకు నూతి గిలక మీంచి వెళ్ళి ఒక రుబ్బురోలును పైకి లేపుతుంది. కాళ్ళతో పలకను తన్నితే పీట వెనక్కి జారాలి, రోకలి పొట్ట దాకా రావాలి. అది ఒక లాగుడు. ఆగకుండా రెండొందల లాగుళ్ళు లాగినవాళ్ళకే అసలు పడవ ఇస్తారు.

"బలం చేతుల్లోది కాదే అమ్మాయ్, కాళ్ళది," అంది ఏటమ్మత్త. "వట్టి కాళ్ళతో లాగితే ఈ పట్టీ ఒరుసుకుని తోలు లేచిపోతుంది. ముందెళ్ళి పనికొచ్చే జోళ్ళు తెచ్చుకో."

ఇప్పమ్మ ముళ్ళపంది గుచ్చయ్య దగ్గరికి వెళ్ళింది. అడవిలో అందరికీ జోళ్ళు కుట్టేది ఆయనే. సూది కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు, వీపు మీంచి ఒక ముల్లు పీక్కుంటే సరిపోతుంది.

గుచ్చయ్య మూడు జతలు తీశాడు. మొదటి జతకు ఎత్తు మడమలు. ఇప్పమ్మ వేసుకుని నిలబడింది, తూలింది, విప్పేసింది. రెండోది గోగునార జత. అడుగు పల్చగా, చదునుగా, గట్టిగా ఉంది. మడమను వదలకుండా పట్టుకుంటుంది, వేళ్ళ దగ్గర మాత్రం వంగుతుంది. ఇప్పమ్మ నాలుగడుగులు నడిచింది.

"ఇదేంటి మావా! కింద రాళ్ళన్నీ తెలుస్తున్నాయి," అని మొహం చిట్లించింది.

మూడో జత బూరుగుదూది కూరినది. జానెడు మందం. ఇప్పమ్మ అందులో కాళ్ళు పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"అబ్బబ్బ! పరుపు మీద నడుస్తున్నట్టుంది మావా. నాకివే కావాలి!"

"ఆగవే తల్లీ," అన్నాడు గుచ్చయ్య. "అవి ఎండలో నాలుగు కోసులు నడిచేవాళ్ళకు కుట్టాను. నువ్వేమో నిలబడి చూస్తున్నావు. నీ పని కూర్చుని తన్నేది. ఇదిగో పీట, అదిగో గోడ. కూర్చుని ఒక్కసారి ఆ గోడను తన్ని చూడు."

ఇప్పమ్మ పకపకా నవ్వింది. "జోళ్ళు కొనుక్కోడానికి వచ్చినదాన్ని గోడను తన్నమంటావేంటి మావా! చూసినవాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకోరూ?" అంటూ దూది జోళ్ళతోనే బయల్దేరింది.

"దూదిని తన్నితే దూదే నలుగుతుందే, పడవ కదలదు!" అని గుచ్చయ్య వెనక నుంచి అరిచాడు. వింటేగా! అది అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది.

మొదటి రోజు ఆ లావు జోళ్ళకు నార పట్టీ చాల్లేదు. ఇప్పమ్మ చప్పుడు చెయ్యకుండా పట్టీని వదులు చేసుకుంది.

"జోళ్ళు ఇబ్బందిగా ఉన్నాయా?" అని అడిగింది ఏటమ్మత్త.

"ఎందుకత్తా, హాయిగా ఉన్నాయి!" అంది.

రెండో రోజు తన్నినప్పుడల్లా మడమ అటూ ఇటూ దొర్లింది. మోకాళ్ళు సలిపాయి. అయినా జోళ్ళను ఒక్క మాట అనలేదండీ! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "పీట సరిగ్గా జారట్లేదత్తా," అంది. పాపం ఏటమ్మత్త పీటకు ఆముదం రాసింది.

మూడో రోజు తెల్లారేసరికి చెట్టు చిటారు నుంచి కొండముచ్చు కొమ్మయ్య కేక పెట్టాడు.

"వరదొచ్చింది! లంక గట్టు మునిగిపోయింది!"

వరదకు ఇంకా పది రోజుల గడువుందనుకున్నారు అందరూ. గుండెలు చేతుల్లో పెట్టుకుని గుహకు పరిగెత్తారు.

"ఇప్పమ్మా, ముందు నువ్వు కూర్చో," అంది ఏటమ్మత్త.

ఇప్పమ్మ కూర్చుంది. ఇరవై లాగింది. నలభై లాగింది. తన్నిన బలమంతా దూదిలోకి దిగిపోతోంది. రోలు జానెడు కూడా లేవట్లేదు. అరవై మూడో లాగుడుకు పాదం జోడుతో సహా పట్టీలోంచి సర్రున జారింది. ఇప్పమ్మ వెల్లకిలా వెనక్కి పడింది. రోకలి ఎగిరి గోడకు కొట్టుకుంది. రోలు ధబేలుమని నేల మీద పడింది.

మద్దిచెట్టును వేళ్ళతో సహా పెళ్ళగించే ఇప్పమ్మ! అరవై మూడుకే పడిపోయిందా?

తర్వాత, తనూ అక్కడే నేర్చుకుంటున్న కొమ్మయ్య కూర్చున్నాడు. గోగునార జోళ్ళు వేసుకున్నాడు. బక్కప్రాణి, రొప్పుతూ రోజుతూ రెండొందలూ పూర్తి చేశాడు. పడవ కొమ్మయ్యకే ఇచ్చారు.

"ఎవరు తెస్తేనేం, చెల్లి వస్తే చాలు," అని ఇప్పమ్మ ఒడ్డున నిలబడి ఎదురుచూసింది.

పడవ వచ్చింది. కుందేళ్ళు దిగాయి. ముంగిస దిగింది. రెండు అడవికోళ్ళు దిగాయి. అంతే, పడవ ఖాళీ.

"నా చెల్లేది?" అంది ఇప్పమ్మ.

"ఇప్పక్కా, కాళ్ళు పట్టుకుని బతిమాలాను," అన్నాడు కొమ్మయ్య ఏడుస్తూ. "ఎక్కనంది. మా అక్క మాటిచ్చింది, తనే వస్తుందంది. అంత పెద్ద ఎలుగుబంటిని నేనెలా ఎత్తుకొస్తాను? నీళ్ళు అప్పటికే నడుం దాకా వచ్చేశాయి."

అయ్యయ్యో! ఇప్పమ్మ దూది జోళ్ళు పీకి ఏట్లోకి విసిరేసింది. పడవలోకి దూకబోయింది. ఏటమ్మత్త అడ్డం నిలబడింది.

"రెండొందలు లాగందే పడవ ఇవ్వను."

"అత్తా! అక్కడ నా చెల్లి మునిగిపోతోంది!"

"ఏటి మధ్యలో నీ కాలు జారితే ఇద్దరూ పోతారు. పద గుహలోకి!"

ఎంత కఠినం చూడండి! కానీ ఆవిడ అన్న దాంట్లో తప్పేముంది? గుచ్చయ్య పరుగున వచ్చి ఎలుగుబంటి కొలతకు కుట్టిన గోగునార జోళ్ళు ఇప్పమ్మ ముందు పెట్టాడు.

ఇప్పమ్మ వాటిని తొడుక్కుని కూర్చుంది. పట్టీ బిగించింది. పలకను తన్నింది. తన్నినదంతా రోలుకు అందింది. రోలు సర్రున పైకి లేచింది. ఏమిటిది? ఇంత తేలికా! ఇన్నాళ్ళూ ఈ బలమంతా ఎక్కడికి పోయింది? తనకే దిమ్మ తిరిగింది.

"యాభై," అంది ఏటమ్మత్త. నీళ్ళు చెల్లి పొట్ట దాకా వచ్చుంటాయి అనుకుంది ఇప్పమ్మ.

"నూరు." ఛాతీ దాకా వచ్చుంటాయి.

"నూట యాభై." మెడ దాకా... ఇప్పమ్మ బావురుమంది. ఏడుస్తూనే లాగింది.

"రెండొందలు! వెళ్ళు!"

ఇప్పమ్మ పడవ ఎక్కి ఏటికి అడ్డంపడి పోయింది. లంకలో నేల కనిపించడం లేదు. ఒక మొండి చెట్టును కావిలించుకుని తునికమ్మ ఉంది. నీళ్ళ పైన తల ఒక్కటే కనిపిస్తోంది. అక్కా అక్కా అని అరిచి అరిచి గొంతు పోయింది. ఇప్పమ్మ చెల్లెలి మెడ పట్టుకుని లాగి పడవలో పడేసింది.

సగం ఏరు దాటేదాకా తునికమ్మ వణుకుతూనే ఉంది. తర్వాత మెల్లిగా నోరు విప్పింది.

"అక్కా, పొద్దున నువ్వెందుకు రాలేదు?"

జ్వరం వచ్చిందని చెబుదామా అనుకుంది ఇప్పమ్మ. పడవ దొరకలేదని చెబుదామా అనుకుంది. చెల్లి మొహం చూశాక అబద్ధం నోటికి రాలేదు.

"నా జోళ్ళు బాగోలేవే," అంది.

తునికమ్మ అక్క వంక చూసింది. వణుకు కూడా ఆగిపోయింది.

"జోళ్ళా?" అంది.

అంతే. ఇప్పమ్మ తల ఎత్తలేకపోయింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ తెడ్లున్నాయి. వాటిని వదలకుండా ఒడ్డు దాకా లాగింది.

నీతి: ఏ పని కోసం కొంటున్నామో ఆ పని చేసి చూసుకునే కొనాలి. నిలబడితే మెత్తగా ఉన్నంత మాత్రాన, తన్నాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తుందని నమ్మకం లేదు.