ఆశ కలిగించే ముగింపు

కథల పోటీ ఫలితాలు వచ్చిన రోజు సుంకన్న పేపరును పిడికిట్లో నలిపి పట్టుకుని దస్తగిరి సార్ ఇంట్లోకి దూసుకొచ్చాడు. చెప్పులు విడవడం కూడా మరిచిపోయాడు.

దస్తగిరి సార్ బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాడు. నాపరాళ్ల గనుల చుట్టూ పెరిగిన ఆ ఊళ్లో కథలు రాసేవాడు ఆయనొక్కడే. సుంకన్న కథ రాయడం ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాడు.

"దొంగనాయాళ్లు సార్! తెలిసినోళ్లకే పంచుకున్నారు. నా కథకు కన్సొలేషన్ ప్రైజు కూడా లేదు."

సార్ మంచినీళ్ల చెంబు ముందుకు జరిపాడు. సుంకన్న ముట్టుకోలేదు.

"పోటీ పెట్టినోళ్లు వర్క్‌షాప్‌లో చెప్పిందంతా చేసినా సార్. మొదటి వాక్యంలోనే పాఠకుణ్ని పట్టుకోవాలన్నారు, పట్టుకున్నా. పాత్రలు తక్కువుండాలన్నారు, తగ్గించినా. ముగింపు ఆశ కలిగించాలన్నారు, అదీ పెట్టినా. ఇంకేం కావాలంట? ఒక్కొక్క జడ్జి ఇంటికీ పోయి అడుగుతా."

"కథ తెచ్చినావా?"

సుంకన్న జేబులోంచి తీసిచ్చాడు. సార్ కళ్లజోడు పెట్టుకుని, నిలబడే మొత్తం చదివాడు. కాగితాలు మడిచి మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు.

"ఇది మీ అక్క సంగతి కదా?"

"అవును సార్. బావ పోయినప్పటిది."

"ఆమె విన్నదా?"

"అక్కకు చదువు రాదు సార్."

"వినేదానికి చదువెందుకురా? పా, పోదాం."

దారి పొడుగునా సుంకన్న జడ్జీలను తిడుతూనే ఉన్నాడు. సార్ చకచకా ముందు నడిచాడు.

కరెంటు లేక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. అందుకని అక్కడ కూలికి పోయే సుంకన్న అక్క మద్దక్క ఇంటి దగ్గరే ఉంది. వాకిట్లో కూర్చుని, జుట్టుకు పట్టిన రాతిదుమ్మును దువ్వెనతో రాలుస్తోంది. సార్‌ను చూసి గబగబా లేచి మంచం వాల్చింది.

"నీ తమ్ముడు నీ మీద కథ రాసినాడమ్మా. వింటావా?"

మద్దక్క ముఖం విప్పారింది. "నా మీదనా? నా దగ్గర ఏముంది సార్ రాసేదానికి" అంటూనే వచ్చి గడప మీద కూర్చుంది.

సుంకన్న చదివాడు. గనిలో రాయి విరిగి పడడం, మనిషిని గోనెపట్ట మీద మోసుకురావడం, పెళ్లాం ఎదురు పరిగెత్తడం. మద్దక్క కదలకుండా విన్నది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. అది చూసి సుంకన్న గొంతు ఇంకా బాగా పలికింది.

చివరికొచ్చాడు. గని ఓనరు ఆ ఇంటికి వస్తాడు. చేతులు జోడించి నిలబడతాడు. "ఆమె కన్నీళ్లలో క్షమ మెరిసింది..."

"ఆపు."

సుంకన్న తలెత్తాడు. అక్క లేచి నిలబడి ఉంది.

"ఎప్పుడు క్షమించినానురా నేను?"

"అది కథక్కా. అందులో ఉండేది నువ్వు కాదు..."

"మీ బావ పేరు మార్చినావు గానీ, ఆ గోనెపట్ట మాదే కదా. చెప్పు, ఎప్పుడు క్షమించినాను?"

"పోటీకి పంపేటప్పుడు ముగింపు ఆశ కలిగించేటట్టు ఉండాలన్నారక్కా."

"ఎవరికి ఆశ? ఆ ఓనరుకా?"

సుంకన్న కాగితాల్లోకి చూశాడు.

"మీ బావ తాగి పడినాడని చెప్పినాడు వాడు. జన్మలో చుక్క ముట్టని మనిషిని! శవాన్ని గని గేటు ముందర పెట్టుకుని కూర్చుంటే, అద్దాలెత్తుకుని మా పక్క నుంచే కారు పోనిచ్చినాడు. ఆ దుమ్మంతా మీ బావ ముఖం మీద పడింది. కొంగుతో నేనే తుడిచినా. నువ్వు ఆడనే ఉంటివి కదరా! చూస్తా ఉంటివి కదా!"

పక్కింటి ఆడవాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. మద్దక్క గొంతు తగ్గించలేదు.

"ఈ పొద్దుకీ వాని ఫ్యాక్టరీకే కూలికి పోతాన్నా, తినాల గదా. కానీ ఆ కారు కనపడితే ఒళ్లు మండుతాది. నాకు మిగిలింది ఆ మంట ఒక్కటే. దాన్ని గూడా ఎత్తుకపోయి వానికే ఇచ్చొచ్చినావా, ఒక ప్రైజు కోసరం?"

సుంకన్న కాగితాలు మడిచాడు. అక్క ముఖంలోకి చూడలేకపోయాడు. సార్ ఏమైనా అంటాడేమోనని ఆయన వైపు చూశాడు. సార్ అక్కనే చూస్తున్నాడు.

సుంకన్న మెల్లగా లేచి వాకిలి దాటబోయాడు. దస్తగిరి సార్ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"కూర్చోరా. అక్క చెప్పేది ఇంకా అయిపోలేదు."

సుంకన్న నేల మీదే కూర్చున్నాడు.