కనుమ దాటిన చూడి మేక

రండి, దగ్గరగా జరగండి. ఆ చివర కూర్చున్న తల్లులూ, మీరు కూడా ముందుకొస్తే నా గొంతుకి శ్రమ తగ్గుతుంది. మంచుకొండలు చేసిన పరమాత్ముడే వాటి మధ్య మనం దాటడానికి కనుమలూ చేశాడు. అలాంటి ఒక కనుమ కింద జరిగిన కథ ఇది.

ఆ ఏడు కొండకి ఇటువైపు వాన చుక్క పడలేదు. గడ్డి మొదళ్లతో సహా ఎండిపోయింది. బూదెమ్మ అనే చూడి మేకకి రోజులు దగ్గరపడ్డాయి. ఇక్కడే ఈనితే పిల్లకి పాలుండవు. కనుమ దాటితే అటు లోయలో మోకాలిలోతు పచ్చిక. మంచు పడిందా, కనుమ మూసుకుపోతుంది. అదీ దాని బెంగ.

దారి తెలిసింది జడలబర్రె ఒక్కదానికే. బొచ్చు నేలదాకా వేలాడే ఆ ముసలిదాన్ని అందరూ అవ్వ అనేవారు. బూదెమ్మ అడగ్గానే అవ్వ ప్రయాణం ఎలా సాగాలో చెప్పింది. దారిలో కింద పల్లె, పై పల్లె అని రెండున్నాయి. రెండు చోట్లా ఆగాలి. ఆగినచోట ఒక రాయి నోట కరుచుకుని పై గట్టుదాకా ఎక్కాలి, దేవుణ్ణి తలుచుకుని అక్కడి రాళ్లగుట్ట మీద పెట్టాలి, మళ్లీ పల్లెకి దిగొచ్చి పడుకోవాలి. ఆ మర్నాడే ముందుకి. మా అమ్మ ఇలాగే నడిపించింది, వాళ్లమ్మా ఇంతే, అంది అవ్వ.

ఇద్దరూ బయల్దేరారు. కింద పల్లెలో బూదెమ్మ గట్టు మీద రాయి పెట్టి, కాళ్లు పీకుతుంటే దిగొచ్చింది. అవ్వ నీళ్లకి వెళ్లిన సమయం చూసి పొద వెనక నుంచి నక్క వచ్చాడు. పల్లపు అడవిలో పుట్టినవాడు, కొండ ముఖం అప్పుడే చూస్తున్నాడు. ఆకలి మీదున్నాడు. అవ్వ కొమ్ములంటే భయం కాబట్టి మేకని విడదీయాలని చూస్తున్నాడు.

"దేవుడికి కొండ మీద రాళ్లు కరువయ్యాయా మరదలా, నువ్వు కిందనుంచి మోస్తున్నావు?" అన్నాడు.

ఆపైన మబ్బు చూపించాడు. ముసలమ్మ పూజలు అయ్యేసరికి కనుమ మూసుకుపోతుందన్నాడు. తనతో వస్తే పల్లెల్లో ఆగే పనిలేదు, ఒక్క బిగిన పొద్దు వాలేలోగా కనుమలో ఉంటాం అన్నాడు. "నీ పిల్ల పచ్చికలో పుట్టాలా, మంచులో పుట్టాలా? నువ్వే చెప్పు."

ఆ మాట తల్లి గుండెకి తగిలింది. తెల్లవారకముందే, అవ్వకి చెప్పకుండా, బూదెమ్మ నక్క వెనక బయల్దేరింది.

పై పల్లె దాటారు. చెట్లు అయిపోయాయి. తల పగిలిపోతున్నట్టుంది, ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. నక్క కూడా నాలుక వేలాడేసి రొప్పుతూనే, ఈ ఒక్క మలుపే మరదలా అంటున్నాడు. మలుపు తర్వాత మళ్లీ మలుపు. అంతలో బూదెమ్మకి ఒకటి తెలిసివచ్చింది. పొద్దస్తమానం తన్నే కడుపులో పిల్ల కదలడం లేదు.

తలెత్తి చూస్తే నక్క చూపు దారి మీద లేదు, తన పొట్ట మీద ఉంది. అర్థమైంది. రానంటే మీద పడతాడు. పల్లెలో కుక్కలకి అరుపు వినబడుతుందనే ఇంతసేపు ఆగినట్టున్నాడు.

"నాకు అడుగు పడటం లేదు బావా. నువ్వు ముందు పోయి కనుమ దగ్గర గుట్ట వెనక గాలి తగలని చోటు చూసిపెట్టు. మెల్లగా వచ్చి పడుకుంటాను. పడుకున్నాక ఇంక కదలలేను."

కూడు తనంతట తాను కొండెక్కి వస్తానంటే కాదనేదెవరు? నక్క ఉత్సాహంగా పైకి పోయాడు. బూదెమ్మ కిందికి తిరిగింది.

దిగేకొద్దీ ఊపిరి ఆడింది. పై పల్లె గోడ దగ్గరికి వచ్చేసరికి కడుపులో పిల్ల ఒక్క తన్ను తన్నింది. బూదెమ్మ అక్కడే మోకాళ్ల మీద కూలబడి భగవంతుణ్ణి తలుచుకుంది. వెతుక్కుంటూ వచ్చిన అవ్వ గోడకి అవతలే ఉంది.

"తప్పు చేశానవ్వా."

"దిగొచ్చావుగా. ఇంక తప్పేముంది?" అంది అవ్వ. "రాయి దేవుడికే తల్లీ. ఎక్కి దిగడం మాత్రం మనకి. ఆ పల్చటి గాలిని ఒంటికి కొంచెం కొంచెంగా రుచి చూపించాలి. ఊరికే ఎక్కి దిగమంటే ఎవరు వింటారు? రాయి ఇస్తే ఎక్కుతారు."

మర్నాడు ఇద్దరూ గట్టెక్కి రాళ్లు పెట్టి దిగొచ్చారు. ఆ తర్వాతి పొద్దున, ఎండ ఎక్కకముందే, కనుమ చేరారు. గుట్ట వెనక గాలి తగలని చోట నక్క పడున్నాడు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని ఆశగా కాచుకుని దిగడం మరిచాడు. ఇప్పుడు లేవబోతే కాళ్లు నిలవడం లేదు.

"నిన్ను తిందామనే వచ్చాను మరదలా," అన్నాడు నీరసంగా.

"అది మాకు తెలుసులే," అంది అవ్వ. బూదెమ్మ వంక చూసింది. మంచు రాలడం మొదలైంది.

కడుపులో పిల్ల కదలని ఆ కాసేపు బూదెమ్మకి గుర్తొచ్చింది. "ఎక్కించుకో అవ్వా. ముందు కిందికి దించుదాం. కోపం తర్వాత చూసుకుందాం."

అవ్వ మోకాళ్లు వంచింది. బూదెమ్మ తలతో నెట్టింది. బొచ్చు పట్టుకుని వేలాడుతూ నక్క అటువైపు లోయలోకి దిగాడు. చెట్లు మొదలయ్యేసరికి తలనొప్పి పోయింది. ఏం మంత్రం వేశావవ్వా అని అడిగాడు. మంత్రమేమీ లేదు, దిగాం, అంది అవ్వ. నక్క జారి దిగి, వాళ్ల ముఖం చూడలేక పొదల్లోకి పోయాడు.

వెనక కనుమ తెల్లగా మూసుకుపోయింది. ముందు పచ్చికలో బూదెమ్మ ఈనింది. పిల్ల తూలుతూ లేచి నిలబడి, పాలు వెతుక్కుంది.

మరుసటి ఎండాకాలం గట్టెక్కుతున్న నక్కని అందరూ చూశారు, నోట్లో రాయితో. దేవుడికి కొండ మీద రాళ్లు కరువయ్యాయా బావా అని ఎవరైనా నవ్వితే తిరిగి ఒక్క మాట అనలేడు. నోట్లో రాయి ఉందిగా.

దిగడం తెలిసినవాళ్లే కొండ దాటుతారు.

నాయనలారా, తల్లులారా, మిగతాదంతా మరిచినా నాకు అభ్యంతరం లేదు. తినబోయినవాడే ఊపిరాడక పడుంటే, ముందు కిందికి దించుదాం అంది కదా ఆ మేక, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. మీకూ అలాంటివాడు దారిలో తగిలినప్పుడు అదే చెయ్యండి.